పాత నీళ్ళు

గుత్తి జంక్షన్లో రైలు ఆగింది. ఏసీ బోగీలో కింది బెర్తు మీద పడుకున్న పెద్దమనిషి మాత్రం లేవలేదు. టీ అమ్మేవాడు పిలిచి చూశాడు. పలక్కపోతే భుజం తట్టాడు. ఆ మరుక్షణం కెటిల్ అక్కడే వదిలేసి ప్లాట్‌ఫాం మీదికి దూకాడు.

చచ్చిపోయినాయన పేరు జయరాముడు. చెన్నైలో పేటెంట్ ఏజెంటు. అంటే ఎవరైనా ఏదైనా కొత్తగా కనిపెడితే, 'ఇది నాది, నన్ను అడక్కుండా ఇంకెవరూ చేయకూడదు' అని ప్రభుత్వం దగ్గర హక్కు రాయించిపెట్టే మనిషి. జీవితంలో ఆయన చేసిన పెద్ద సాహసం, డాక్టరు వద్దన్నా ఆవకాయ మానకపోవడం. అలాంటాయన మెడ మీద చీమ కుట్టినంత గాటు ఉంది. బ్యాగు లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఆన్‌లైన్లో అర్జీ వేయడానికి వాడే డిజిటల్ సంతకం డాంగిల్ కూడా లేదు.

"ప్రొఫెషనల్ జాబ్," అన్నాడు చీఫ్ రాఘవేంద్ర, ఫొటో టేబుల్ మీద పడేసి.

బెంగళూరులో ఓ టిఫిన్ సెంటర్ మేడమీద, రెడీమేడ్ దుస్తుల ఎగుమతి అని బోర్డు పెట్టుకున్న గూఢచారి ఆఫీసు అది. కింద దోసెలు మాడుతున్న వాసన. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ వీరేష్ ఆ ఫొటో చూశాడు. పాపం అనిపించాలి. అనిపించలేదు. ఈ మధ్య ఏ శవాన్ని చూసినా అంతే. ఎన్ని పేర్లతో, ఎన్ని వేషాలతో ఎన్నేళ్ళు తిరిగాడో, లోపల ఏదో మొద్దుబారిపోయింది. మొదట్లో దానికి భయపడ్డాడు. ఇప్పుడు ఆ భయం కూడా లేదు.

"ఫర్‌ఫ్యూరల్ అంటే తెలుసా?"

"తెలియదు సార్."

"నిన్నటిదాకా నాకూ తెలియదులే. ఆర్గానిక్ కెమికల్. మందులకి కావాలి, ప్లాస్టిక్‌కి కావాలి, నూనె శుద్ధికి కావాలి. దాన్ని తీయాలంటే మామూలుగా గాఢమైన యాసిడ్ పోయాలి, చెరువుకి చెరువు నీళ్ళు తగలేయాలి. మీ జిల్లాలో ఒకావిడ యాసిడ్ లేకుండా, శనక్కాయ పొట్టులోంచి, పిడికెడు నీళ్ళతో తీస్తోంది. డాక్టర్ ప్రసూన. విడపనకల్లు దగ్గర చిన్న యూనిట్. ఎర్రనేల ఆర్గానిక్స్."

"మంచిదేగా సార్."

"మంచిదే. ఆవిడ చేస్తే వస్తుంది, ఇంకెవరు చేసినా రాదు. అక్కడే ఉంది తిరకాసు! ప్రాసెస్ మొత్తం రాసి అర్జీ పెట్టింది. విదేశాల్లో ల్యాబులు అక్షరం పొల్లుపోకుండా చేసి చూశాయి. బురద తప్ప ఏమీ రాలేదు. మోసం అన్నారు, అర్జీ తిప్పికొట్టారు. ఇప్పుడు మళ్ళీ కొత్తగా వేయడానికి బయల్దేరిన జయరాముడు ఇదిగో, ఇలా."

"ఎవరు చేశారు?"

"కార్డినల్."

ఆ పేరు వీరేష్‌కి తెలుసు. విదేశీ ముఠా. ఫార్ములాలు దొంగిలించి తమ పేరున పేటెంట్ తీసుకుంటారు. తీసుకుని వాడరు. పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పాత పద్ధతిలో సరుకు చేసే పెద్ద కంపెనీలు వాళ్ళని పోషించేది అందుకే.

"ఆ ప్రాసెస్‌లో ఒక మెట్టు ఆవిడ దాచింది," అన్నాడు చీఫ్. "కార్డినల్ వెతుకుతున్నది దానికోసమే. నీ మిషన్, ఆ మెట్టు వాళ్ళ చేతికి చిక్కకుండా చూడడం. ఒక్క సంగతి గుర్తుంచుకో. నలుగురికీ తెలిసిపోయినదాని మీద ఇక ఎవరికీ పేటెంట్ రాదు, ఆవిడకైనా సరే. కాబట్టి నీ ప్రాణం పోయినా రహస్యం బజారున పడకూడదు."

"తోడు ఎవరు?"

"త్రివేణి. ఢిల్లీ బ్రాంచ్. ఉరవకొండ బస్టాండులో కలుస్తుంది. కోడ్ వర్డ్, 'మీ పక్క వాన పడిందా?' జవాబు, 'యాడ పడింది, మబ్బు చూసి మోసపోతిమి.'"

ఆ కోడ్ రాసిన మహానుభావుడు అనంతపురం జిల్లా మొహం ఎన్నడూ చూసి ఉండడు. ఉరవకొండలో బస్సు దిగి, నల్ల కళ్ళద్దాల ఆడమనిషి ఒకామె కనిపిస్తే దగ్గరగా వెళ్ళి, "మీ పక్క వాన పడిందా?" అన్నాడు వీరేష్. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న ఆటో డ్రైవర్ అందుకున్నాడు.

"యాడ పడిందన్నా! మబ్బు చూసి మోసపోతిమి."

"పోయినేడూ ఇంతే గదప్పా," అన్నాడు సోడాలమ్మేవాడు. "మబ్బు చూసి మోసపోతిమి. ఇత్తనాలు ఇంట్లోనే ఉండాయి."

బస్టాండు బస్టాండంతా సీక్రెట్ ఏజెంట్లే! వీరేష్ బిక్కమొహం వేసుకుని నిలబడితే, వెనకనుంచి ఒక గొంతు పాఠం అప్పజెప్పినట్టు వినిపించింది.

"యాడ పడింది. మబ్బు చూసి మోసపోతిమి."

అంత పరాయిగా పలికినది ఆమె ఒక్కతే. అదే గుర్తు.

త్రివేణి అందగత్తె. ఆ మాట చప్పగా ఉందనుకుంటే ఇంకోటి చెప్తాను, ఆమె నడుస్తుంటే టికెట్లు కొట్టే కండక్టరు చిల్లర మర్చిపోయాడు. ధర్మవరం పట్టుచీర, వేలికి ఆకుపచ్చ రాయి ఉంగరం, చేతిలో మినరల్ వాటర్ సీసా. ఆ సీసా నీళ్ళే తాగేది, నోరు పుక్కిలించినా ఆ నీళ్ళతోనే.

"ఇక్కడి నీళ్ళు వాసన చూస్తేనే నాకు వాంతి వస్తుంది," అంది కారెక్కుతూ. "నీకు అలవాటేనా?"

"నేను పుట్టింది ఇక్కడే."

"అందుకేనా ఆ పళ్ళు?" అని నవ్వింది.

ఫ్లోరైడు మరకలున్న పళ్ళు వీరేష్‌వి. ఏ వేషం వేసినా అవి మాత్రం మారవు. బాధపడాలేమో అనుకున్నాడు. పడలేదు.

ఇద్దరి కవర్ పక్కాగా కుదిరింది. ప్రసూన యూనిట్‌ని పెద్దది చేయాలంటే చట్టం ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. షామియానా వేసి, అధికారిని కూర్చోబెట్టి, ఊళ్ళవాళ్ళ అనుమానాలన్నిటికీ మైకులో జవాబు చెప్పాలి. అదంతా వీడియో తీసి ప్రభుత్వానికి పంపి, వెబ్‌సైటులో పెట్టాలి. త్రివేణి పర్యావరణ రిపోర్టు రాసిన కన్సల్టెంట్‌గా వచ్చింది. వీరేష్ వీడియోగ్రాఫర్‌గా వచ్చాడు. పేరు వెంకటప్ప. అతని కెమెరా బ్యాటరీ పెట్టెలో, ఎవరైనా దొంగచాటుగా మెసేజ్ పంపితే ఆ సిగ్నల్ పట్టే యంత్రం ఉంది. చుట్టూ కరెంటు కోసం పాతిన గాలిమరల మధ్య అది గుయ్యిమనడం తప్ప ఏ పనీ చేయలేదు.

సభకి ముందురోజు యూనిట్ చూపించింది ప్రసూన. నలభై దాటిన మనిషి. నూలు చీర, రబ్బరు చెప్పులు, నూనె రాసి బిగించిన జడ. రేకుల షెడ్డులో పెద్ద స్టీలు కుక్కరు, దాన్నే వాళ్ళు రియాక్టర్ అంటారు. అందులో పొట్టు పోసి, నీళ్ళు పోసి, మూత బిగించి వేడి పెడతారు. ఆవిరి చల్లబడితే తేనె రంగు నూనెలాంటిది సీసాలోకి దిగుతుంది. షెడ్డంతా బాదంపప్పు వాసన. కుక్కరు విప్పాక మిగిలిన గోధుమరంగు నీళ్ళని పనివాళ్ళు ఒక డ్రమ్ములోకి వంచారు. పక్కన ప్రసూన చేతులు కడుక్కుంటే కింద బకెట్ పెట్టారు, ఆ బకెట్ తీసుకెళ్ళి వేపమొక్కకి పోశారు. వీరేష్ అన్నీ షూట్ చేశాడు. కొత్తగా ఏమీ కనిపించలేదు.

"ఆ దాచిన మెట్టు ఏమిటి మేడమ్?" అని త్రివేణి తేనె పూసినట్టు అడిగింది. "మా దగ్గర చెప్పొచ్చు. మేము మీ వైపే."

ప్రసూన ముఖం ఎర్రబడింది. "అందరూ ఇదే అడుగుతారు. నేనేమీ దాచలేదమ్మా! ఎంత పొట్టు, ఎంత వేడి, ఎంతసేపు, అన్నీ రాసిచ్చినా. వాళ్ళకెందుకు రాలేదో నాకు తెలీదు. దేవుని మీద ఆన."

"మరి మీకు వస్తోంది కదా?"

"వస్తాండాది. కళ్ళ ముందర వస్తాండాది. పేపర్లో దొంగపరిశోధన అని రాసినారు. మా నాయన మంచంలో ఉండి ఆ పేపరు చదివినాడు. 'పాపా, నిజంగానే చేసినావా?' అని అడిగినాడు. ఆయనకి జవాబు చూపించేలోపలే పోయినాడు." సీసా మూత బిగించి బల్ల మీద పెట్టింది. "నాకు పేటెంటు కావల్లంటే అందుకే. నేను అబద్ధం చెప్పలేదని ఒగరు ముద్ర వేసియ్యల్ల. అంతే."

త్రివేణి ఆమె భుజం నిమిరింది. వీరేష్ కెమెరా దించి లెన్స్ తుడుచుకున్నాడు. అయ్యో అనే మాట నోటిదాకా రావాల్సింది. రాలేదు.

మర్నాడు విడపనకల్లు స్కూలు మైదానంలో షామియానా. ఎండ నిప్పులు చెరుగుతోంది. మజ్జిగ ప్యాకెట్లు పంచుతున్నారు కాబట్టి జనం బాగానే వచ్చారు. సభ మొదలయ్యేముందు వీరేష్ ఒక చెట్టు కింద కూర్చుని మెమరీ కార్డు ఖాళీ చేయడానికి నిన్నటి షూటింగు వేసి చూశాడు. వీడియోవాళ్ళందరూ చేసే పనే.

ప్రసూన మాట్లాడుతోంది. వెనకాల, ఫ్రేము మూలన, త్రివేణి. అటూ ఇటూ చూసింది. మినరల్ వాటర్ సీసా నేలమీద ఒంపేసింది. డ్రమ్ములోని గోధుమరంగు నీళ్ళు అందులో నింపుకుంది.

ఈ ఊరి నీళ్ళతో నోరు కూడా కడుక్కోని మనిషి, మడ్డినీళ్ళు సీసాకి పట్టుకుపోవడమేమిటి?

కెమెరాని స్టాండు మీద పెట్టి, సభ కోసం ఆన్ చేసి వదిలేసి వచ్చాడు. షామియానా వెనక ఆమె కారు ఆగి ఉంది. తలుపు తీశాడు. సీటు కింద సీసా ఉంది.

"దొరికిందా?" అంది వెనకనుంచి త్రివేణి. కంగారేమీ లేదు. "మీ మనుషుల్ని చూస్తే నవ్వొస్తుంది వీరేష్. లోకంలో ఏ ల్యాబ్‌లోనైనా ఒకసారి వాడిన నీళ్ళు పారబోస్తారు. ప్రతిసారీ కొత్త నీళ్ళు పోస్తారు. ఈవిడ ఒక్కతే ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తిప్పి తిప్పి పోస్తోంది. పొట్టు ఉడికేటప్పుడు కొంచెం యాసిడ్ దానంతట అదే పుడుతుంది. ఆ నీళ్ళలో అది పేరుకుంటూ వచ్చింది. బయటి యాసిడ్ అక్కర్లేకుండా చేస్తున్నది అదే. దాచిన మెట్టు అంటే ఆ పాత నీళ్ళే."

"మరి ఆమె రాయలేదే?"

"అన్నం నోటితో తినాలని ఎవరైనా రాస్తారా? ఇక్కడ నీళ్ళు పారబోసేవాళ్ళు ఉంటారని ఆమెకి తట్టనే లేదు. నిన్న నువ్వూ చూశావుగా. నీకు తట్టిందా?"

తట్టలేదు. వీరేష్ చిన్నప్పుడు వాళ్ళింట్లో బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకి పోయేవి, గిన్నెలు కడిగినవి చెట్టుకి పోయేవి. అది గమనించాల్సిన విషయమని అతనికి ఏనాడూ అనిపించలేదు.

"కార్డినల్‌కి ఎంతకాలంగా పనిచేస్తున్నావ్?"

"మీ ఆఫీసులో చేరకముందు నుంచీ. జయరాముడు పాపం మంచాయన. కానీ ఆయన అర్జీ పడితే తారీఖు ఆవిడది ముందయ్యేది, ముందు వేసినవాళ్ళకే హక్కు. డాంగిల్ రైలు పట్టాల మీద నలిగిపోయింది. నాకు తెలిసింది పొద్దునే మెసేజ్ పెట్టేశాను. ఈ రాత్రి అక్కడ ల్యాబ్‌లో ఒకసారి వేసి చూసుకుంటారు. రేపు ఫైల్ చేస్తారు. ఆపై ఈ షెడ్డులో ఆవిడ కుక్కరు వెలిగించినా దొంగతనమే."

వీరేష్ ఆమె చేయి పట్టుకోబోయాడు. ఆకుపచ్చ రాయి మెరిసింది. ఎడమ భుజంలో చురుక్కుమంది. ఉంగరంలోంచి పొడుచుకొచ్చిన సూది పూర్తిగా దిగకముందే వెనక్కి తూలాడు కానీ, దిగినంతే చాలింది. భుజం నుంచి వేళ్ళదాకా చేయి కొయ్యబారిపోయింది. కారు పక్కన కూలబడ్డాడు.

"సగం డోసే," అంది చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "చావవులే, సాయంత్రందాకా లేవవు కూడా. నేను రిపోర్టు చదవాలి, వస్తా."

కారు నీడలో పడి ఉన్నాడు వీరేష్. తల మాత్రం పనిచేస్తోంది. చీఫ్‌కి ఫోన్ చేస్తే? ఆ ఆఫీసులో ఇంకెంతమంది త్రివేణిలున్నారో. చెన్నై వెళ్ళి అర్జీ వేస్తే? ఆఫీసు మూసేలోపు చేరలేరు. కొత్త డాంగిల్ రావాలంటే రోజులు పడతాయి. ఎటు చూసినా రేపు కార్డినల్‌దే. ఆమె మీద మోసగత్తె అన్న ముద్ర అలాగే ఉంటుంది, ఆమె నీళ్ళకి మాత్రం రేపు దొంగలు యజమానులవుతారు.

రహస్యం బజారున పడితే ఎవరికీ పేటెంట్ రాదు. ఆవిడకైనా సరే.

చీఫ్ ఆ మాట అన్నది భయపెట్టడానికి. ఇప్పుడు మిగిలిన దారి అదొక్కటే. మెల్లగా లేచాడు. కాలు ఆనింది. ఎడమ చేయి ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది.

షామియానాలో సభ ముగింపుకొచ్చింది. వేదిక మీద అధికారి, ఆ పక్కన ప్రసూన, ఆ పక్కన చిరునవ్వుతో త్రివేణి. జనంలోంచి లేచిన బయమ్మ అనే అవ్వ మైకు పట్టుకుని వదలడం లేదు.

"ఫ్యాక్టరీ పెడితే పెట్టుకోండప్పా. నా బోరు ఎండిపోయి రెండేండ్లాయ. దాని సంగతి చెప్పండి ముందు."

"అవ్వా, అది ఈ సభకు సంబంధించిన విషయం కాదమ్మా," అన్నాడు అధికారి ఓపిగ్గా. "ఇంకెవరైనా మాట్లాడతారా? లేదు. అయితే ఇంతటితో ఈ ప్రజాభిప్రాయ సేకరణను..."

"నాకొక సందేహం ఉండాది సార్!"

కెమెరా స్టాండు మీద నడుస్తూనే ఉంది. దాన్ని అలాగే వదిలేసి వీరేష్ దాని ముందుకి వచ్చాడు. ఏజెంటు అనేవాడు జన్మలో చేయకూడని పని అది.

"నువ్వు వీడియో తీసేవాడివి కదయ్యా?"

"నా పేరు వెంకటప్ప కాదు సార్, వీరేష్. ఈ మండలమోన్నే. ఈడోళ్ళు ఎవరు అడిగినా జవాబు చెప్పల్లని రూలుండాది గదా?"

ఆ మాటలు తన నోట్లోంచి వస్తుంటే అతనికే వింతగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా వాడని యాస. ప్రసూన వైపు తిరిగాడు.

"అక్కా, కుక్కరులోంచి తీసిన నీళ్ళు మీరేం చేస్తారు? పారబోస్తారా, మళ్ళా అందులోనే పోస్తారా?"

"అదేం ప్రశ్న?" అంది ప్రసూన. "మళ్ళా పోస్తాం. నీళ్ళెవురు పారబోస్తారు..."

అక్కడ ఆగిపోయింది. ఆమె నోరు తెరుచుకునే ఉంది. కళ్ళు మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయాయి. ఏళ్ళ తరబడి వెతికింది కాళ్ళ దగ్గర డ్రమ్ములోనే ఉందని ఆమెకి తెలిసిన క్షణం అది. వీరేష్ ఆగలేదు, ఆగే టైము లేదు.

"ఆ సంగతి పరాయి దేశమోళ్ళకు తెలిసిపాయె అక్కా. రేపు వాళ్ళ పేరు మీద రాయించుకుంటారు. ఈపొద్దు, ఈ మైకులో, అందరూ వినేటట్ల నువ్వే వివరంగా చెప్పినావంటే వాళ్ళకి పేటెంటు రాదు. కానీ నీకూ రాదు. ఎవరికీ రాదు. ఆలోచించుకో."

"సార్, ఇది ట్రేడ్ సీక్రెట్!" త్రివేణి లేచింది. "ఇలాంటివి బహిరంగంగా అడగకూడదు. సభ ముగించండి."

గూఢచారిణి రహస్యాల మర్యాద గురించి మాట్లాడుతుంటే వినడం కూడా ఒక భాగ్యమే. అధికారి కాగితాలు తిరగేశాడు. "చెప్పడం, చెప్పకపోవడం మేడమ్ ఇష్టం," అన్నాడు.

అందరూ ప్రసూన వైపు చూశారు. ఆమె ఎవరివైపూ చూడలేదు. ఆమెకి కావలసిన ముద్ర ఇప్పుడు, ఈ క్షణమే, అందేంత దూరంలో ఉంది. తన ప్రాసెస్ ఎందుకు నిజమో ఆమెకి తెలిసింది. అది తెలిసిన నిమిషంలోనే వదులుకోమంటున్నారు. వద్దని కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. వీరేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకేమీ అనే హక్కు తనకి లేదనుకున్నాడు.

ప్రసూన లేచి మైకు అందుకుంది.

"వద్దు మేడమ్," అంటూ త్రివేణి ఎంతో ప్రేమగా ఆమె మెడ చుట్టూ చేయి వేయబోయింది. ఆకుపచ్చ రాయి మెరిసింది. వీరేష్ వేదిక మీదికి ఒక్క దూకు దూకి, కుడిచేత్తో ఆ మణికట్టు పట్టి లాగాడు. సూది ప్రసూన మెడకి వెంట్రుకవాసిలో తప్పి, మైకుకి తొడిగిన ఎర్ర స్పాంజిలో దిగబడింది. లౌడ్‌స్పీకర్లు కీచుమన్నాయి. మజ్జిగ ప్యాకెట్లు ఎగిరిపడ్డాయి. బందోబస్తుకొచ్చిన ఎస్సై ఓబులేష్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా ఇది, ఆడమనిషి మీద చెయ్యేస్తావా?"

"ఆ ఉంగరం చూడు సార్. గుత్తిలో రైలుపెట్టెలో పోయినాయన మెడమీద గాటు దానిదే. నా చెయ్యి చూడు."

ఓబులేష్ స్పాంజిలో గుచ్చుకున్న ఉంగరం చూశాడు. అతని లాఠీ మెల్లగా త్రివేణి వైపు తిరిగింది. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు ఆమెని చెరోవైపు పట్టుకున్నారు. ఆమె జుట్టు కూడా చెదరలేదు.

"పిచ్చివాడా," అంది వీరేష్‌తో. "నువ్వు కాపాడుతున్నది ఏమీ మిగలదు."

అది నిజమే.

స్పాంజి తీసేసిన మైకులో ప్రసూన మొదలుపెట్టింది. ఎంత పొట్టు, ఎంత వేడి, ఎంతసేపు, అన్నీ వరసగా చెప్పింది. "ఇంగ నీళ్ళ సంగతి. మొదటి వాయికి కొత్త నీళ్ళు పోస్తే ఏమీ రాదు, బురదే. ఆ నీళ్ళే రెండో వాయికి పోయల్ల, మూడో వాయికీ అవే పోయల్ల. పాలు తోడుకోవల్లంటే పాత మజ్జిగ వేస్తాం సూడండి, అట్ల. ఆ పాత నీళ్ళలోనే పులుపుంటాది. నేను అదే చేస్తాంటి. చేస్తాండానని నాకే తెలీదు. అందుకే రాయలేదు. నేను దాచలేదు. నేను మోసం చేయలేదు."

చివరి మాట మైకులో గట్టిగా మోగింది. కెమెరా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. షామియానా కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎందుకు కొట్టాలో వాళ్ళకి తెలియదు.

బయమ్మ చేయెత్తింది. "అదంతా సరే గానీ పాపా, మా ఇండ్లకాడికి వాసనొస్తాదా?"

"బాదంపప్పు వాసనొస్తాదిలే అవ్వా."

"బాదంపప్పు యాడ చూసినాం మేము? కంపు కాకుంటే సరి."

అది కూడా రికార్డయింది. అధికారి సంతకం పెట్టి సభ ముగించాడు. సాయంత్రంలోగా వీడియో తారీఖు ముద్రతో వెబ్‌సైటు ఎక్కింది. మర్నాడు కార్డినల్ ఏ పేటెంటు ఆఫీసు గడపా తొక్కలేదు.

సభ జరిగిన సాయంత్రమే షామియానా విప్పుతున్నారు. వేదిక మెట్ల మీద ప్రసూన కూర్చుని ఉంది. వీరేష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. గాలిమరలు తిరుగుతున్నాయి.

"చెయ్యి ఎట్లుండాది?"

"తెలీడం లేదక్కా."

"నాకూ అంతే," అంది. "మా నాయన ఉండింటే చెప్పుండేదాన్ని. నిజంగానే చేసినా నాయనా అని. ఏడుపు రావల్ల గదా? రాలేదు. సంతోషమూ రాలేదు. రేపు బళ్ళారోళ్ళు పెట్టుకుంటారు, ఎల్లుండి కర్నూలోళ్ళు పెట్టుకుంటారు, నా పేరు ఎవురికి గుర్తుంటాది?"

ఆమెకి ఏదో ఒకటి చెప్పాలి. ఎన్నో దేశాల్లో ఎన్నో అబద్ధాలు తడుముకోకుండా చెప్పిన నోరు అది. ఒక్కటీ రాలేదు. "తప్పు చేసినానేమో అక్కా," అన్నాడు చివరికి.

"చేసినావు," అంది ప్రసూన. "వాళ్ళు తాళం వేసుకుని పోయింటే ఇంగా పెద్ద తప్పు," అంది. తన మజ్జిగ ప్యాకెట్ మూల కొరికి అతని కుడిచేతిలో పెట్టింది. తాగాడు. చల్లగా ఉందని తెలిసింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి తెలిసింది.

ఫోన్ మోగింది. చీఫ్.

"రహస్యం కాపాడమని పంపితే మైకులో చెప్పిస్తావా?" అవతల టేబుల్ మీద గుద్దిన చప్పుడు. "ఊరంతా విన్నదటగా!"

"విన్నారు సార్. ఇంక దాన్ని ఎవరూ దొంగిలించలేరు."

"నీ మొహం ఆ వీడియోలో ఉంది. నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్."

చీఫ్ కేసు మూసేస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు. అన్నట్టే వారం తిరక్కముందే ఆ కేసు ఫైలు ఢిల్లీ చేరింది. ఆ సభలో ప్రసూన చెప్పిన ప్రతి మాటా, బయమ్మ వాసన ప్రశ్నతో సహా, టైపు చేసి అందులో పెట్టారు. పైవాళ్ళు ఒకటికి రెండుసార్లు చదివి, అట్ట మీద ఎర్ర సిరాతో 'అత్యంత రహస్యం' అని ముద్ర కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు.